బొమ్మ ముందు నిలబడి ఏం మాట్లాడాలి?

"జీవకళ ఉట్టిపడుతోంది." "అచ్చం ఫోటోలా ఉంది." "ఇంకొంచెం ఫినిషింగ్ రావాలి." మనిషి బొమ్మని నూనె రంగుల్లో వేసినవాళ్ళు కాన్వాసు చూపించి ఎలా ఉందని అడిగితే మన నోట వచ్చే మాటలు దాదాపు ఇవే. మొదటి మాట గుడి గోపురం మీది సున్నపు బొమ్మకీ, సినిమా కటౌట్‌కీ, పెళ్ళికూతురి ఆల్బమ్‌కీ సమానంగా అతుకుతుంది కాబట్టి వేసినవాళ్ళకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. రెండో మాట పొగడ్తనుకునే అంటాం. నెలల తరబడి రంగులతో కుస్తీ పట్టిన మనిషికి మాత్రం అది మెప్పో, ఈ పని ఫోను ఒక్క నొక్కుతో చేసేదిగా అన్న దెప్పో తేలదు. మూడో మాట మరీ అన్యాయం. ఫినిషింగ్ ఎక్కడ రావాలి? చెంప మీదా, చీర అంచు మీదా, వెనక గోడ మీదా? ఆ మాట విన్న కుర్రాడు గదికి వెళ్ళి, ఉన్నవాటిలో సన్నటి బ్రష్షు తీసి, కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటే గీస్తాడు. అసలు లోటు మెడ వంపులో ఉందని అతనికి ఎవరూ చెప్పరు.

ఈ అధ్యాయం చిత్రకళ చదువుకున్నవాళ్ళ కోసం మాత్రమే కాదు. బొమ్మలు వేసే స్నేహితుడో, కూతురో, శిష్యుడో ఉన్న ప్రతివాళ్ళకీ ఈ పరీక్ష ఎదురవుతుంది. అందులో గట్టెక్కడానికి అనాటమీ తెలియక్కర్లేదు, రంగుల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క సంగతి పట్టుకుంటే చాలు: కంటికి ఏం కనబడింది, ఎక్కడ కనబడింది అన్నది చెప్పడం చూసేవాళ్ళ పని. ఎందుకలా కనబడుతోందో కనిపెట్టి సరిచేసుకోవడం వేసినవాళ్ళ పని. మనం మొదటిది వదిలేసి తిన్నగా రెండోదానిలోకి దూకుతాం. "ముక్కు తప్పు వేశావు" అంటాం. నిజానికి ముక్కు తప్పు కాకపోవచ్చు.

ముందు కాసేపు చూడండి

చూడటానికి కూడా పద్ధతుంది. నూనె రంగుకి మెరుపు ఎక్కువ. కిటికీకి ఎదురుగా నిలబెట్టిన కాన్వాసులో సగం బొమ్మ, సగం కిటికీ కనిపిస్తాయి. ఈజిల్ కాస్త పక్కకి తిప్పమని అడగండి, లేదా మీరే జరగండి. రాత్రి ట్యూబ్‌లైటు కింద చూసి చర్మం నీలంగా ఉందని తీర్పు చెప్పకండి. పగటి వెలుతురులో చూసేదాకా రంగు గురించి నోరెత్తకపోవడమే మంచిది. కొన్నిచోట్ల ముదురు రంగులు చచ్చుబడి, మసి పూసినట్టు కనిపిస్తాయి. అది వేసినవాళ్ళ తప్పని తొందరపడొద్దు. పై పొరలోని నూనెని కింది పొర పీల్చేసుకున్నప్పుడు అలా అవుతుంది. పల్చగా నూనె రాసినా, ఆఖర్న వార్నిష్ పూసినా ఆ రంగు మళ్ళీ లేస్తుంది.

కాన్వాసు మూల నుంచి మూలకి ఎంత ఉందో దానికి రెండు మూడింతలు వెనక్కి జరగండి. కళ్ళు సగం మూసి చూడండి. కనుబొమలు, గాజులు, చీర పువ్వులు అన్నీ మాయమై వెలుగు ముద్దలూ నీడ ముద్దలూ మాత్రమే మిగులుతాయి. ఆ ముద్దల్లో మనిషి కనబడితే బొమ్మ ఎముక గట్టిదే. కనబడకపోతే కనురెప్పలెన్ని గీసినా నిలబడదు. లియొనార్డో దావించీ తన నోటు పుస్తకాల్లో చిత్రకారులకి చెప్పిన కిటుకు ఇంకొకటుంది: బొమ్మని అద్దంలో తిరగేసి చూసుకోవాలి. రోజూ చూసి చూసి అలవాటుపడిన కంటికి తిరగబడ్డ బొమ్మ వేరెవరో వేసినట్టు కనిపిస్తుంది, వంకరలు బయటపడతాయి. మనకి అద్దం వెతుక్కునే పని కూడా లేదు. ఫోనులో ఫోటో తీసి, ఎడమని కుడిగా తిప్పితే అయిపోయింది.

ఇదంతా రెండు మూడు నిమిషాల పని. కానీ పక్కన నిలబడి చేతులు నలుపుకునే మనిషికి ఆ మౌనం ఒక యుగం. "కాసేపు చూసి చెబుతానమ్మా" అని ముందే అనేస్తే వాళ్ళ గుండె కుదుటపడుతుంది.

చూడటం అయ్యాక కూడా వెంటనే చెప్పకండి, అడగండి. పని ఎంతవరకు వచ్చింది? మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేశారా, ఫోటో చూసి వేశారా? ఇందులో మీకు ముఖ్యమనిపించింది ఏమిటి? ఈ చివరి ప్రశ్న అడగకపోవడం వల్ల ఎంత పెద్దవాళ్ళు బోర్లా పడ్డారో చెప్పడానికి పారిస్ వెళ్ళాలి. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ 1814లో వేసిన 'గ్రాండ్ ఒదాలిస్క్' 1819లో అక్కడి సలోన్ ప్రదర్శనకి వచ్చినప్పుడు, పడుకున్న ఆ స్త్రీ వీపు మరీ సాగిందని, వెన్నుపూసలు మూడు ఎక్కువున్నాయని విమర్శకులు ఎద్దేవా చేశారు. పొడుగు సంగతిలో వాళ్ళన్నది నిజమే, ఆ వీపు మనిషి వీపుకన్నా పొడుగు. కానీ ఆంగ్ర్ చెయ్యి గీత రానిది కాదు. పెన్సిలుతో ఆయన వేసిన మనుషుల బొమ్మలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మెడ నుంచి నడుము దాకా తెగకుండా పారే ఒక వంపు ఆయనకి కావాలి, దానికోసం వీపు సాగదీశాడు. బొమ్మ ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. "వీపు పొడుగుగా కనబడుతోంది, అలా కావాలనే వేశారా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ విమర్శ విమర్శగానే మిగిలేది, వెటకారం అయ్యేది కాదు. మన దగ్గర పొరపాటున సాగిన వీపులు కూడా బోలెడు ఉంటాయన్నది వేరే సంగతి. అడిగితే అవీ తేలిపోతాయి. "కావాలని" అనేముందు వాళ్ళొకసారి బొమ్మ వైపు చూసుకుంటారు.

నొప్పి ఒకచోట, జబ్బు ఒకచోట

ఒక బొమ్మ ఊహించుకుందాం. ఇరవై నాలుగు అంగుళాల వెడల్పు, ముప్ఫై అంగుళాల ఎత్తు కాన్వాసు. పొద్దున్నపూట వరండాలో ఒక అమ్మమ్మ నేల మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఎడమవైపు నుంచి ఎండ. ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు ఎత్తి పెట్టుకుంది. ముఖం ముప్పావు వంతు మనవైపు తిరిగి, కొంచెం వంగి ఉంది. పెదవి మీద నవ్వో కాదో తెలియని నవ్వు. వేసినమ్మాయి ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడు చదువుతోంది. మీరు ఆమెకి సీనియరో, పక్కింటి అన్నయ్యో.

చూడగానే మీకు తోచేది: "నవ్వు బాగా రాలేదు." అదే అనేస్తే ఆమె పెదవుల మీద పడుతుంది. చెరుపుతుంది, వేస్తుంది, మళ్ళీ చెరుపుతుంది. రెండు రోజులకి నోరు గాయంలా తయారవుతుంది. అలా అనకుండా ఇంకొంచెం సేపు చూస్తే ఇంకోటి కనబడవచ్చు. వంగిన తలలో కళ్ళని కలిపే గీత ఒక వాలులో ఉంటుంది. పెదవుల గీత కూడా అదే వాలులో ఉండాలి. ఈ బొమ్మలో కళ్ళు వాలాయి, నోరు మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి నోరులా తిన్నగా ఉంది. పైగా ముప్పావు ముఖంలో అవతలి కన్ను ఇవతలి కన్నుకన్నా సన్నంగా కనబడాలి. రెండు కళ్ళూ సమానమని మన బుర్రకి తెలుసు కాబట్టి చెయ్యి రెంటినీ సమానంగానే వేస్తుంది. నవ్వులో కనబడిన ఇబ్బంది తల వాలులో పుట్టింది. మీరు ఇంత దూరం కనిపెట్టలేకపోయినా ఫరవాలేదు. "నోరు చూస్తే ఆవిడ వేరేవైపు చూస్తున్నట్టుంది, కళ్ళు ఒకవైపు, నోరు ఒకవైపు అనిపిస్తోంది" అంటే చాలు. ఆ మాటలో చోటుంది, కనబడిన తీరుంది. ఆమె ఫోను తీసి, బొమ్మ తిప్పి చూసుకుని, మిగతాది తనే పట్టుకుంటుంది.

చేట పట్టిన చెయ్యి మరీ పెద్దదిగా ఉందనిపించింది. చెయ్యి పొడవు దాదాపు గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యేదాకా ఉంటుంది. బ్రష్షు కాడతో కొలిచి చూడమనండి. ఎక్కువుంటే సరే, గీత తప్పు. కొలత సరిపోయిందంటే కథ వేరు: బొమ్మ మొత్తంలో తెల్లటి వెలుగు ఆ చెయ్యి మీదే పడి ఉంటుంది, దాని అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. కన్ను ముఖం దగ్గరికి పోకుండా అక్కడే తచ్చాడుతుంది, అందుకే పెద్దదనిపిస్తుంది. చెయ్యి చిన్నది చేస్తే బొమ్మ పాడవుతుంది. వెలుగు ఒక మెట్టు తగ్గించి, ఒక అంచు మెత్తబరిస్తే అదే చెయ్యి సైజు మారకుండా వెనక్కి తగ్గుతుంది. ఒకే ఫిర్యాదుకి ఇంత దూరంగా ఉన్న రెండు మందులు! "చెయ్యి చిన్నది చెయ్యి" అనడానికీ "నా కన్ను ముఖం కన్నా ముందు చెయ్యి దగ్గరికి పోతోంది" అనడానికీ మధ్య ఉన్న తేడా అదే.

మనిషి నేల మీద కూర్చున్నట్టు లేదు, జానెడు పైన తేలుతున్నట్టుంది. ఇది చాలా బొమ్మల్లో కనబడే జబ్బు. తొడ నేలకి ఆనిన చోట, చీర కుచ్చిళ్ళు నేలని తాకే చోట సన్నని చిక్కటి నీడ ఒకటి ఉంటుంది. అది లేకపోతే ఎంత బరువైన మనిషైనా గాల్లోకి లేస్తుంది. నిలబడ్డ మనిషికైతే ఇంకో పరీక్ష: ఒంటి కాలి మీద బరువు మోపి నిలబడినప్పుడు గొంతు కింది గుంట నుంచి తాడు వేలాడేస్తే అది బరువు మోసే పాదం దగ్గరికి రావాలి. రాకపోతే చూసేవాళ్ళకి, ఎందుకో తెలియకుండానే, పడిపోతాడేమో పట్టుకుందాం అనిపిస్తుంది. మీకు అలా అనిపిస్తే అలాగే చెప్పండి. తాడు సంగతి వాళ్ళు చూసుకుంటారు.

ఎత్తిన మోకాలు ముఖం కన్నా పెద్దదిగా ఉంది. ఇక్కడ ఇందాకటి ప్రశ్న పనికొస్తుంది: ఫోటో చూసి వేశారా? ఫోనుతో దగ్గర్నుంచి తీసిన ఫోటోలో కెమెరాకి దగ్గరున్నది ఉబ్బుతుంది, దూరంగా ఉన్నది కుంచించుకుపోతుంది. నీడలు కూడా ఫోటోలో కాటుకలా నల్లబడి, కంటికి కనబడే రంగులన్నీ వాటిలో మునిగిపోతాయి. ఆ అమ్మాయి ఫోటోని తు.చ. తప్పకుండా దించింది, అంటే ఫోను చేసిన తప్పుని శ్రద్ధగా నకలు చేసింది. గీత రాదని ఆమెనంటే అది అబద్ధం.

ఇక మనిషిని కత్తిరించి గోడ మీద అతికించినట్టుందన్న మాట. ముందు మనిషిని పూర్తిగా వేసేసి, తర్వాత మిగిలిన ఖాళీలో గోడ రంగు నింపితే అలా వస్తుంది. గోడ రంగు కొంచెం నీడ పక్క చెంపలోకి రావాలి, చీర రంగు కొంచెం గోడ మీదికి పాకాలి, ఒంటి అంచు కొన్నిచోట్ల గోడలో కలిసిపోవాలి. చీర మడతల గురించి ఒక్క ముక్క: మడత ఎక్కడో ఒకచోట పుట్టాలి. భుజం మీదో, నడుము దోపు దగ్గరో, మోకాలి దగ్గరో బట్ట లాగబడితేనే మడత పడుతుంది. ఎక్కడా పుట్టని మడతలు అలంకారానికి గీసిన గీతల్లా ఉంటాయి. పట్టుచీరైతే మడత విరిగినట్టు కోణంగా ఉంటుంది, పాత నేతచీరైతే జారుతుంది. ఇది ఆడవాళ్ళకి మగవాళ్ళ కన్నా బాగా తెలుసు.

ఒంటి రంగు దగ్గర జాగ్రత్త

చర్మం రంగు కలిపే పాఠాలు పుస్తకాల్లో, వీడియోల్లో దొరికేవి ఎక్కువ భాగం తెల్లవాళ్ళ ఒంటి మీద తయారైనవి. అవి చదివిన మన పిల్లలు ఎల్లో ఆకర్‌లో ఎరుపు కలిపి, టైటేనియం వైట్ బారెడు పోసి, అమ్మమ్మని గులాబీ రంగు మనిషిని చేస్తారు. లేదా నల్లగా ఉండాలి కదా అని నీడల్లో ఉత్త నలుపు పెడతారు, అక్కడ చెంప బదులు బొక్క కనబడుతుంది. చామనఛాయ ఒంటి మీద వెలుగు చాలా బలంగా తగులుతుంది. నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు కొసన కనబడే మెరుపులో ఒంటి రంగు తక్కువ, కిటికీ రంగో ఆకాశం రంగో ఎక్కువ. అందుకే అది కొంచెం చల్లగా, నీలివైపు ఉంటుంది. వెలుగు నీడలోకి తిరిగే చోట బర్న్ట్ సియెన్నా లాంటి వెచ్చదనం దొరుకుతుంది. లోతైన నీడకి బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపితే నలుపంత ముదురుగా ఉండి కూడా ఊపిరి పీలుస్తుంది. కాబట్టి "ముఖం సుద్ద పూసినట్టుంది" అన్నది పనికొచ్చే మాట. "నీడ పక్క చెంప చదునుగా ఉంది, గుండ్రంగా తిరగడం లేదు" అన్నది ఇంకా పనికొచ్చే మాట.

పనికిరానిది ఒకటుంది, అది మన ఇళ్ళల్లో మొదట వచ్చేది: "కలర్ తగ్గింది, ఇంకొంచెం తెల్లగా వెయ్యాల్సింది." ఆ మాట బొమ్మ గురించి కాదు, మనిషి గురించి. డబ్బిచ్చి పోర్ట్రెయిట్ వేయించుకునేవాళ్ళు అంటే చిత్రకారుడు బతుకు కోసం వింటాడు, అదొక బేరం. సలహా చెప్పడానికి వచ్చినవాళ్ళు అనకూడదు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టాక ఆయన లక్ష్మీ సరస్వతులు దేశమంతా ఇంటింటికీ వెళ్ళారు. అప్పటినుంచి గీసిన ప్రతి ఆడమనిషినీ పూజగదిలో పటంతో పోల్చి చూడటం మన కళ్ళకి అలవాటైపోయింది. బియ్యం ఏరే అమ్మమ్మ ఆ పోటీలో ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ పోటీ పెట్టింది మనం.

రవివర్మ కూడా ఇలాంటి దెబ్బ ఇంకోవైపు నుంచి తిన్నాడు. 1876 నాటి ఆయన 'శకుంతల పత్రలేఖనం' బొమ్మలో శకుంతల నేల మీద పడుకుని తామరాకు మీద ఉత్తరం రాస్తుంటుంది. అలా పడుకుని ఉత్తరం రాయడం హుందాగా లేదని వివేకానందుడి శిష్యురాలు సిస్టర్ నివేదిత ఆక్షేపించింది. జాతి గౌరవం గురించి ఆమె బాధ నిజమైనదే, దాని మీద వ్యాసం రాయవచ్చు. కానీ ఈజిల్ ముందు నిలబడ్డ మనిషి ఆ మాటతో మర్నాడు ఏం చెయ్యాలి? విషయం నచ్చకపోవడం ఒకటి, పని కుదరకపోవడం ఇంకొకటి. మీకు విషయమే నచ్చకపోతే ఆ ముక్క తెరిచి చెప్పి ఊరుకోండి. దాన్ని చీర మడతల మీదికి నెట్టకండి.

రంగు తడిలో ఉండగా

నూనె రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి అంబర్ ఒకట్రెండు రోజుల్లో చేతికి అంటుకోకుండా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ వారం దాటినా జిడ్డుగానే ఉండొచ్చు. ఈ నిదానమే విమర్శకి చోటిస్తుంది. టర్పెంటైన్‌తో పల్చగా గీసిన మొదటి గీతల దశలో తల వాలు తప్పిందని చెబితే గుడ్డతో ఒక్క తుడుపు. తడి రంగు మీద చెబితే కత్తితో గీకి మళ్ళీ వేసుకోవచ్చు. పొరలు పడి ఆరాక చెబితే దాని మీద కొత్తగా పొర వెయ్యాలి, అదీ కింది పొరకన్నా నూనె ఎక్కువున్న రంగుతో. నూనె ఎక్కువున్న పొర మీద టర్పెంటైన్ కలిపిన పల్చటి పొర వేస్తే పైది ముందు ఆరి, కిందిది కదిలి, ఏళ్ళు గడిచాక పగుళ్ళిస్తుంది. కాబట్టి "పైన కొంచెం పల్చగా డార్క్ కొట్టేయ్" అన్న ఉచిత సలహా ఇచ్చేముందు కింద ఏముందో అడగండి.

పెద్ద విషయాలు పొద్దున, చిన్న విషయాలు సాయంత్రం. అంటే కొలతలు, వాలు, వెలుగునీడల ముద్దలు మొదటి దశలో మాట్లాడాలి. అంచులూ మెరుపులూ చివర్లో. సగం పనిలో ఉన్న బొమ్మలో చెవిపోగు గురించి మాట్లాడటం కాలహరణం, చివరి దశలో కూర్చునే భంగిమ గురించి మాట్లాడటం క్రూరత్వం. వార్నిష్ పడి, ఫ్రేము బిగించాక మార్పులు సూచించకండి. అప్పుడు మాట్లాడాల్సింది వచ్చే బొమ్మ గురించి. మహానుభావులు కూడా మనసు మార్చుకున్నారని ధైర్యం చెప్పాల్సి వస్తే స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ ఉన్నాడు. ప్రాడో మ్యూజియంలో ఆయన వేసిన నాలుగో ఫిలిప్ రాజు గుర్రపు స్వారీ బొమ్మలో, గుర్రం వెనక కాళ్ళ దగ్గర ముందు వేసి తర్వాత కప్పేసిన కాళ్ళు పై రంగులోంచి బయటపడి కనబడతాయి.

మాట తీరు

మొదట చెప్పాల్సింది ఏది ముట్టుకోకూడదన్నది. దీన్ని మర్యాద కోసం వాడే చక్కెర పూత అనుకోకండి. నూనె రంగుల్లో మంచి ముక్కలు అతిగా దిద్దడం వల్లే చచ్చిపోతాయి. "ఎడమ భుజం మీద ఎండ ఒక్క వేటులో పడింది, దాన్ని కదపొద్దమ్మా" అంటే ఆ భుజం బతుకుతుంది. పొగడ్తకి కూడా చిరునామా ఉండాలి.

తర్వాత ఒకటి రెండు విషయాలు, అంతే. మీకు పది కనబడితే అన్నిటికన్నా పెద్దది ఎంచుకోండి. అది సరిచేస్తే మిగతావాటిలో సగం వాటంతట అవే పోతాయి. క్లాసులో ఐదుగురు చుట్టూ చేరినప్పుడు ఒకరు చెప్పింది ఇంకొకరు వేరే మాటల్లో చెప్పడం మానెయ్యండి. వినేవాళ్ళకి అది ఐదు తప్పుల్లా వినబడుతుంది.

చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి చెప్పాల్సి వచ్చినప్పుడు మనకి నోరు పెగలదు. "మాస్టారూ, నా కన్ను ఆ చెంబు మీద వెలుగు దగ్గరే ఆగిపోతోందండీ, అలా ఆగాలనే వేశారా?" అని అడిగితే అందులో అగౌరవం లేదు, అబద్ధమూ లేదు. ప్రదర్శన ప్రారంభం రోజున, కొనేవాళ్ళు పక్కనుండగా, ఎవరికీ ఏదీ చెప్పొద్దు. ఇంట్లోవాళ్ళకి ఇంకో మాట: వంటింట్లోంచి తొంగిచూసి "ముక్కు వంకర పోయింది" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోవడం విమర్శ కిందకి రాదు.

బ్రష్షు మాత్రం చేతిలోకి తీసుకోకండి. గురువులు శిష్యుల కాన్వాసు మీద దిద్దే ఆచారం ఉంది, దాన్ని సమర్థించేవాళ్ళూ ఉన్నారు. నా మట్టుకు నాకు అది నచ్చదు. దిద్దిన చోట గురువు చెయ్యి కనబడుతూనే ఉంటుంది, శిష్యుడు దాని పక్కన తన చెయ్యి చూసుకుని ముడుచుకుపోతాడు. చూపించి తీరాలంటే ఫోనులో తీసిన ఫోటో మీద వేలితో గీసి చూపించండి. కాన్వాసు అలాగే ఉంటుంది.

"నాకేం తెలుసు, నేను చిత్రకారుణ్ణి కాదుగా" అనేవాళ్ళ కోసం ఒక పాత గ్రీకు కథ. రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. అలెగ్జాండర్ కాలపు చిత్రకారుడు అపెలిస్ తన బొమ్మలు బయట పెట్టి, వెనక దాక్కుని, దారినపోయేవాళ్ళ మాటలు వినేవాడట. చెప్పులు కుట్టే ఒకాయన బొమ్మలో చెప్పు వారు తప్పుందన్నాడు. అపెలిస్ దిద్దాడు. మర్నాడు అదే మనిషి ఉత్సాహంగా కాలు గురించి కూడా అనబోతే, చెప్పు దాటి పైకి రావద్దని కసిరాడట. ఈ కథని అందరూ అపెలిస్ పక్షాన చెబుతారు. నాది చెప్పులాయన పక్షం. ఆయన తనకి తెలిసిన ఒక్క విషయం, చోటుతో సహా, తేల్చి చెప్పాడు. మర్నాడు కాలు గురించి కూడా అలాగే చెప్పి ఉంటే వినాల్సిందే. దావించీ అయితే వినేవాడు. మనిషి ఆకారం మనుషులందరికీ తెలుసు కాబట్టి, బొమ్మ వేస్తున్నప్పుడు ఎవరి అభిప్రాయాన్నీ తోసెయ్యొద్దన్నది ఆయన మతం. మన బొమ్మనే ఒక నిజమైన అమ్మమ్మకి చూపించి చూడండి. వెలుగునీడల ఊసెత్తదు. "చేట అలా పడతారటే పిచ్చిపిల్లా, బియ్యం అన్నీ జారిపోవూ?" అంటుంది. కాలేజీలో ఎవరూ చెప్పలేని మాట అది.

చెప్పాక వాళ్ళు మార్చకపోవచ్చు. మార్చారా లేదా అని వారం తర్వాత ఆరా తీయకండి.

ఈ అలవాటుకి సాధన కావాలి, బతికున్నవాళ్ళ మీద మొదలుపెట్టక్కర్లేదు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ నూనె రంగుల చిత్రాలున్న గదులున్నాయి, రవివర్మ చిత్రాలూ ఉన్నాయి. ఒక బొమ్మ ఎంచుకుని, వెనక్కి జరిగి, కళ్ళు సగం మూసి చూసి, ముట్టుకోకూడనిది ఒకటీ కంటికి అడ్డం పడేది ఒకటీ చిన్న పుస్తకంలో రాసుకోండి, చోటుతో సహా. వేసినవాళ్ళు నొచ్చుకోరు. మ్యూజియానికి శుక్రవారం సెలవు.